మామగారి మొండితనమా, డిప్రెషనా? డయాలిసిస్ మొదలయ్యాక మారిపోయిన మనిషి

ప్రశ్న: గుంటూరు కోడలు

మా మామగారికి అరవై ఎనిమిదేళ్లు. గుంటూరు మిర్చి యార్డులో ఒక కమిషన్ కొట్టులో గుమాస్తాగా పనిచేసి విరమించుకున్నారు. షుగరు చాలా ఏళ్లుగా ఉంది, దానివల్లే కిడ్నీలు పోయాయి. పోయిన సంక్రాంతి తర్వాత డయాలిసిస్ మొదలైంది. వారానికి మూడుసార్లు, ఒక్కోసారి నాలుగు గంటలు. మా వారిది లారీల పని, నెలలో సగం రోజులు ఊళ్లో ఉండరు. అందుకని వెంట వెళ్లేది నేనే.

ఆయన ఎలాంటి మనిషో చెబితే గానీ నా బాధ అర్థం కాదు. కొట్టులో ఉన్న రోజుల్లో రాత్రి చిట్టా తేలనిదే అన్నం ముట్టేవారు కాదట. ఇంట్లోనూ అంతే. పాల లెక్క, గ్యాసు బండ మార్చిన తేదీ, ఇన్వర్టరులో నీళ్లు పోసిన రోజు, అన్నీ క్యాలెండరు కాగితాల వెనక సన్నటి అక్షరాలతో రాసి ఉంటాయి. పెళ్లయిన కొత్తలో ఈ కొలతల మనిషితో ఎలా వేగాలిరా భగవంతుడా అనుకున్నాను. కానీ ఇన్నేళ్లలో నన్ను ఒక్క మాట అన్న పాపాన పోలేదు.

ఇప్పుడు ఆయన వేరే మనిషి. రోజుకు ఇన్నే నీళ్లు తాగాలని చెప్పారు కదా, దొడ్లో కుళాయి దగ్గరకు వెళ్లి చెంబుతో తాగుతారు. నేను కనిపిస్తే చెంబు బోర్లించి మొక్కల వైపు చూస్తూ నిలబడతారు. దాంతో ఒక డయాలిసిస్‌కీ ఇంకో డయాలిసిస్‌కీ మధ్య నాలుగు కిలోల దాకా బరువు పెరుగుతున్నారు. అక్కడ టెక్నీషియన్ కుర్రాడితో ప్రతిసారీ పేచీ: కాటా సరిగా లేదనీ, అరకిలో ఎక్కువ లాగేశాడనీ. జన్మంతా మిర్చి టిక్కీలు (బస్తాలు) తూకం వేయించిన మనిషిని ఇప్పుడు లోపలికి వెళ్లేటప్పుడొకసారి, బయటికి వచ్చేటప్పుడొకసారి కాటా ఎక్కిస్తున్నారు. ఆ సంగతి నాకు అర్థమవుతూనే ఉంది. కానీ ఆ కుర్రాడు ఏం చేస్తాడు పాపం.

అన్నిటికంటే నన్ను భయపెట్టింది క్యాలెండరు. మొన్న పాలవాడికి డబ్బులిద్దామని తిప్పి చూస్తే జూన్ నుంచి వెనక ఏమీ రాయలేదు, తెల్లగా ఉంది. తెల్లవారుజామున మూడింటికే లేచి మంచం మీద కూర్చుంటారు. మనవడు లెక్కల పుస్తకం తెస్తే "మీ అమ్మ చెబుతుంది పో" అంటున్నారు. పోయినవారం ఆటోలో వస్తూ "ఎందుకమ్మాయ్ ఈ తిప్పలు, మానేద్దాం" అన్నారు.

మా ఆడపడుచు "నాన్న ముందునుంచీ మొండి, నువ్వు పట్టించుకోకు" అంటుంది. చిన్నమామగారేమో మనోబలం లేదంటారు. డాక్టరుగారు రౌండ్లలో నడుస్తూనే "టెన్షన్ పెట్టుకోవద్దని చెప్పండి" అని పక్క మంచానికి వెళ్లిపోయారు. ఇది స్వభావమా, కిడ్నీ జబ్బు లక్షణమా, మనసుకు వచ్చిన జబ్బా? మానసిక వైద్యుడి దగ్గరకు వెళదామంటే "నాకు పిచ్చా?" అంటారు. పోనీ ఒప్పుకున్నా, ఆ మందులు కిడ్నీలు పనిచేయనివాళ్లకు పడతాయా?

మంచి ఆలోచనలు పెట్టుకోమని సలహా ఇచ్చేవాళ్లు దయచేసి ఆగండి. ఆ పనికి మా ఇంట్లోనే చాలామంది ఉన్నారు.

జవాబు: శాంతినిలయం

అమ్మా, ఏదైనా మనసులోనే ఉంది. ఉదయం పూట భాగవత పద్యాలు వినిపించండి. ఒంట్లో వేడి వల్ల కూడా చిరాకు వస్తుంది, రోజూ ఒక కొబ్బరిబోండాం ఇవ్వండి, చలవ చేస్తుంది.

జవాబు: మిషను పక్కన మనిషి, రాజమహేంద్రవరం

ముందు పై సలహా సంగతి. పద్యాలు వినిపించండి, నష్టం లేదు. కొబ్బరినీళ్లు మాత్రం ఇవ్వకండి. అందులో పొటాషియం ఎక్కువ. కిడ్నీలు పనిచేయనివాళ్లకు అది రక్తంలో పేరుకుంటే గుండె లయ తప్పుతుంది, ఒక్కోసారి ఆగిపోతుంది. ఎండాకాలం ఇలా చలవ కోసం తాగి అత్యవసరంగా వచ్చినవాళ్లను మా యూనిట్‌లో చూశాను.

నేను డయాలిసిస్ టెక్నీషియన్‌ని, అంటే మీ మామగారు పోట్లాడే ఆ కుర్రాడి కులం. మా వైపు నుంచి రెండు మాటలు.

ఒంట్లో ఒక లీటరు నీరు నిలిస్తే కాటా మీద ఒక కిలో. మీ మామగారి బరువు అరవై కిలోలు అనుకుందాం. గంటకు, కిలో బరువుకు 13 మిల్లీలీటర్లు దాటకుండా నీరు తీయడం మంచిదని లెక్క. అంటే గంటకు 780, నాలుగు గంటల్లో మూడు లీటర్ల చిల్లర. నాలుగు కిలోలతో వస్తే ఆ లెక్క దాటి లాగాలి. అప్పుడు బీపీ పడిపోతుంది, పిక్కలు పట్టేస్తాయి, ఇంటికెళ్లాక మనిషి పిండేసిన గుడ్డలా ఉంటాడు. కాబట్టి ఎక్కువ లాగేశాడని ఆయన అనడం వట్టి పేచీ కాకపోవచ్చు. డ్రై వెయిట్ అని, అంటే అదనపు నీరంతా తీశాక మనిషి ఉండాల్సిన బరువని, మేము పెట్టుకునే అంకె కూడా శాశ్వతం కాదు. తిండి సయించి ఒళ్లు చేస్తే పెరగాలి, చిక్కితే తగ్గాలి. దాన్ని చివరిసారి ఎప్పుడు సరిచూశారో అడగండి.

దాహం విషయంలో ఆయన్ని తిట్టే ముందు వంటింట్లోకి చూడండి. గుంటూరు ఇంట్లో ఆవకాయ, ఊరమిరపకాయలు, అప్పడాలు లేకుండా పూట గడవదని నాకు తెలుసు. ఉప్పు లోపలికి వెళ్లాక నీళ్లు తాగకుండా ఉండటం ఎవరి తరమూ కాదు. షుగరు ఎక్కువగా ఉన్నా దాహం తన్నుకొస్తుంది. రోజుకు అనుమతించిన నీళ్లు పొద్దున్నే ఒక సీసాలో పోసి ఆయన చేతికే ఇచ్చేయండి. చిన్న గ్లాసు, నాలుగైదు ఐసు ముక్కలు. మీరు కాపలా కాయకండి.

ఇంకొకటి: హిమోగ్లోబిన్, సోడియం, థైరాయిడ్, డయాలిసిస్ చాలినంత జరుగుతోందో లేదో చూసే పరీక్ష. ఇవి ఒకసారి చూసుకోండి. రక్తం తక్కువైన మనిషి డిప్రెషన్ ఉన్న మనిషిలాగే కనిపిస్తాడు.

జవాబు: పెద్దాసుపత్రి సైకాలజిస్టు, విశాఖ

నేను క్లినికల్ సైకాలజిస్టుని. నా దగ్గరకు వచ్చేవాళ్లలో సగానికి పైగా గుండె, కిడ్నీ, క్యాన్సర్ వార్డుల నుంచే వస్తారు. తీసుకొచ్చే బంధువులు దాదాపు అందరూ మీ ఆడపడుచు మాటే చెబుతారు: ముందునుంచీ అంతే. నేను వెంటనే నమ్మను. కుంగుబాటులో ఉన్న మనిషిని చూసి అతని స్వభావం ఇదీ అని తేల్చకూడదు. ఆ సమయంలో నెమ్మదస్తుడు కూడా చిరచిరలాడతాడు, ధైర్యవంతుడు కూడా పిరికివాడిలా కనిపిస్తాడు. స్వభావం తెలియాలంటే జబ్బుకు ముందు, నలభై యాభై ఏళ్ల వయసులో, పెద్ద కష్టం వచ్చినప్పుడు ఏం చేశారో అడగాలి. మీరు చెప్పగలిగితే చెప్పండి.

ఇక మీ ప్రశ్న. అలసట, ఆకలి లేకపోవడం, నిద్ర పట్టకపోవడం కిడ్నీ జబ్బులోనూ ఉంటాయి, డిప్రెషన్‌లోనూ ఉంటాయి. అందుకే వీటిని చూసి ఏమీ తేల్చలేం. ఈ చిక్కు గమనించే 1983లో జిగ్‌మండ్, స్నెయిత్ అనే ఇద్దరు వైద్యులు ఆసుపత్రి రోగుల కోసం పద్నాలుగు ప్రశ్నల కొలమానం ఒకటి తయారుచేశారు. ఏడు ఆందోళనకు, ఏడు కుంగుబాటుకు. ఒంటి లక్షణాలను కావాలనే వదిలేశారు. ఇదివరకు ఇష్టపడినవాటిని ఇప్పటికీ ఇష్టపడుతున్నారా, నవ్వగలుగుతున్నారా, రాబోయే వాటి కోసం ఎదురుచూస్తున్నారా, ఇలా ఉంటాయి ప్రశ్నలు. ఒక్కో భాగానికి 21 మార్కులు. 11, ఆపైన వస్తే జబ్బు ఉండే అవకాశం గట్టిగా ఉన్నట్టు. ఆ తర్వాత కూర్చోబెట్టి మాట్లాడి నిర్ధారించాలి. ఈ ప్రశ్నలు డయాలిసిస్ లేని రోజు అడిగించండి. మిషను దిగిన సాయంత్రం ఎవరిని అడిగినా లోకం మీద విరక్తే చెబుతారు.

మీ ఉత్తరంలో నేను రెండుసార్లు చదివిన వాక్యం క్యాలెండరుది. నీళ్ల దొంగతనానికి వంద కారణాలుంటాయి. కానీ ఏళ్ల తరబడి లెక్క రాసిన మనిషి లెక్క మానేశాడంటే, తెల్లవారుజామున మూడింటికి లేచి కూర్చుంటున్నాడంటే, మనవడి మీద కూడా మనసు పోవడం లేదంటే, అది మొండితనం కాదు. మొండివాడు ఇంకా ఎక్కువ రాస్తాడు. డయాలిసిస్ రోగులను కూర్చోబెట్టి విడివిడిగా పరీక్షిస్తే సుమారు అయిదుగురిలో ఒకరికి డిప్రెషన్ తేలుతుంది. మీ మామగారు ఆ యూనిట్‌లో ఒంటరివారేమీ కాదు.

"మానేద్దాం" అన్న మాట దాటవేయకండి. నెమ్మదిగా, సూటిగా అడగండి: "మామయ్యగారూ, సూదులు పొడిపించుకోలేక అంటున్నారా, బతకాలనే లేదా?" ఇలా అడిగితే లేని ఆలోచన పుట్టిస్తామేమో అని అందరూ భయపడతారు. పుట్టదు, చాలామందికి బరువు దిగుతుంది. రెండోదే జవాబైతే ఆ రోజే మానసిక వైద్యుడికి చూపించాలి, ఒంటరిగా వదలకూడదు, ఇన్సులిన్, మాత్రలు మీ చేతిలో పెట్టుకోవాలి. వెంటనే ఎవరూ అందకపోతే ప్రభుత్వ మానసిక ఆరోగ్య ఫోను సేవ టెలిమానస్ 14416కు ఫోను చేయండి, తెలుగులో, ఏ వేళనైనా మాట్లాడతారు.

మందుల సంగతి మానసిక వైద్యులు, నెఫ్రాలజిస్టు (కిడ్నీ డాక్టరు) కలిసి తేల్చాలి. నాకు తెలిసినంతవరకు చెబుతాను. డిప్రెషన్‌కు వాడే సెర్ట్రలిన్ వంటి మందు చాలావరకు కాలేయంలోనే విచ్ఛిన్నమవుతుంది, తక్కువ మోతాదుతో మొదలుపెట్టి చూస్తూ పెంచుతారు. డయాలిసిస్‌లో రక్తం గడ్డకట్టకుండా హెపారిన్ అనే మందు వాడతారు కాబట్టి రక్తస్రావం మీద ఒక కన్ను ఉంచుతారు. 2019లో అమెరికాలో వెలువడిన ఒక పరిశోధనలో డయాలిసిస్ రోగుల్లో కొందరికి సెర్ట్రలిన్, కొందరికి కాగ్నిటివ్ బిహేవియర్ థెరపీ (ఆలోచనల తీరు, అలవాట్లు మార్చుకోవడం నేర్పే మాటల వైద్యం) ఇచ్చి చూశారు. పన్నెండు వారాలకు మందు కొంచెం మెరుగని తేలింది, కాకపోతే దుష్ప్రభావాలూ దానిలోనే ఎక్కువ. నాకు నచ్చింది ఇంకో విషయం. ఆ థెరపీని రోగి మిషను మీద ఉండగానే కుర్చీ పక్కన కూర్చుని ఇచ్చారు. ఎలాగూ కదలలేని నాలుగు గంటలు కదా! మన దగ్గర ఆ పక్క కుర్చీలో టీవీ సీరియలు నడుస్తుంది.

గుంటూరు కోడలు

మీరు అడిగారు కాబట్టి మా వారిని అడిగి రాస్తున్నాను. 2008లో యార్డులో పెద్ద అగ్నిప్రమాదం జరిగింది కదా. కొట్టులో సరుకుతో పాటు పుస్తకాలు కూడా పోయాయట. షావుకారు తల పట్టుకుని కూర్చుంటే ఈయన ఇంటికొచ్చి, తన దగ్గరున్న చిల్లర కాగితాలు, జ్ఞాపకం ఆధారంగా ఏ రైతువి ఎన్ని టిక్కీలు, ఎంత తూకం, తరుగు ఎంత పోయిందో మళ్లీ రాశారట. రైతులు వచ్చి సరిచూసుకుంటే పెద్దగా తేడా రాలేదని ఇప్పటికీ చెప్పుకుంటారు. అత్తయ్య పోయినప్పుడు కూడా పెద్దదినం ఖర్చు తానే రాశారు. అప్పట్లో అది చూసి మా పిన్ని "ఏం మనిషమ్మా" అని ముక్కున వేలేసుకుంది. ఆ పుస్తకం ఇప్పటికీ ఆయన ట్రంకుపెట్టెలో అత్తయ్య చీర మడతల్లో ఉంది.

మీరు చెప్పినట్టు అడిగాను. చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత "చావాలని కాదమ్మాయ్. అక్కడ నేనేమీ చేసేది లేదు. వాళ్లు పడుకోమంటే పడుకోవాలి, లేవమంటే లేవాలి" అన్నారు.

పెద్దాసుపత్రి సైకాలజిస్టు, విశాఖ

ఆయన తన జబ్బు తానే చెప్పేశారు. 1990లో అమెరికాలో అలన్ క్రిస్టెన్సన్ బృందం డయాలిసిస్ రోగుల మీద ఒక పరిశీలన చేసింది. తమ వైద్యంలో తమ చేయి ఉండాలని కోరుకునేవాళ్లు ఇంట్లో సొంతంగా డయాలిసిస్ చేసుకుంటే నియమాలు బాగా పాటించారు. అదే రకం మనుషులు ఆసుపత్రిలో, అంతా సిబ్బందే చేసే పద్ధతిలో పడితే నియమాలు తప్పారు. అంటే స్వభావం ఒక్కటే మంచిదీ కాదు, చెడ్డదీ కాదు. అది ఏ రకం వైద్యానికి దొరికిందన్నది చూడాలి. అగ్నిప్రమాదం తర్వాత కూర్చుని లెక్కలన్నీ తిరగరాసిన మనిషికి మనం ఇచ్చిన పని మంచం మీద వెల్లకిలా పడుకోవడం.

డిప్రెషన్‌కు వైద్యం విడిగా జరగాల్సిందే, దీన్ని దానికి బదులు చేయకండి. దానితో పాటు ఆయనకు ఒక నోటుపుస్తకం కొనివ్వండి. వచ్చిన బరువు, వెళ్లిన బరువు, తీసిన నీరు, బీపీ, ఆ రోజు తిన్నది ఆయనే రాయాలి. కాటా అంకె ఆయనే చదివి చెప్పాలి, టెక్నీషియన్ ఒప్పుకోవాలి. ఫిస్టులా (డయాలిసిస్ సూదుల కోసం ధమనినీ సిరనూ కలిపిన చోటు) ఉన్న చేతి మీద వేళ్లు పెట్టి ఆ జివ్వుమనే కదలిక ఉందో లేదో రోజూ ఆయనే చూసుకోవాలి. మానసిక వైద్యుడి దగ్గరకు పిచ్చి అని కాకుండా "నిద్ర కోసం" అని తీసుకెళ్లండి. అబద్ధం కాదు కదా.

జవాబు: కరీంనగర్ మాస్టారు

నేను ఆ మంచం మీదినుంచి రాస్తున్నాను. జూనియర్ కళాశాలలో భౌతికశాస్త్రం చెప్పి రిటైరయ్యాను. మొదట ఆసుపత్రిలో చేయించుకుని, తర్వాత ఇంట్లోనే పొట్ట ద్వారా చేసుకునే డయాలిసిస్‌కు మారాను. రోజుకు నాలుగుసార్లు రెండేసి లీటర్ల ద్రవం పొట్టలోకి ఎక్కించి, దించాలి. ఒక్కో మార్పిడికి అరగంట పైన పడుతుంది. నాకు సరిపోయింది. అందరికీ సరిపోదు, శుభ్రత ఏమాత్రం తప్పినా కడుపులో ఇన్ఫెక్షన్ వస్తుంది. అమ్మా, ఆ పని చివరికి మీ నెత్తినే పడుతుందేమో చూసుకుని నిర్ణయించండి. మీ మామగారికి చేతులు వణక్కుండా, చూపు బాగుంటేనే. షుగరు ఉన్నవాళ్లకు చూపే పెద్ద అడ్డంకి.

నేను చెప్పదలచుకున్నది వేరే. మిషను మీద ఉన్నప్పుడు పరామర్శకు వచ్చినవాళ్లు నా కాళ్ల దగ్గర నిలబడి మా ఆవిడతో మాట్లాడేవారు: "ఎట్లున్నారు? తింటున్నారా?" నేను అక్కడే ఉన్నాను కదా! ఆ మిషను చప్పుడుకు పిచ్చెక్కలేదు గానీ ఆ మాటలకు ఎక్కేది. మీ మామగారితో సూటిగా మాట్లాడమని ఇంట్లో అందరికీ చెప్పండి. ఇంకా, మీరు కూడా వారంలో ఒక విడత మానుకోండి. మీ ఆడపడుచును పంపండి. మొండితనం ఎంతో దగ్గర నుంచి చూసి చెబుతుంది.

గుంటూరు కోడలు

మాస్టారూ, ఆడపడుచు రెండుసార్లు వెళ్లింది. మూడోసారికి నడుము నొప్పి వచ్చింది.

మానసిక వైద్యురాలికి చూపించాం. పద్నాలుగు ప్రశ్నలూ అడిగారు, కుంగుబాటు భాగంలో 13 వచ్చింది. కిడ్నీ డాక్టరుగారితో ఫోనులో మాట్లాడి సెర్ట్రలిన్ 25తో మొదలుపెట్టారు. ఫలితం కనిపించడానికి కొన్ని వారాలు పడుతుందన్నారు. ఇంకా మూడింటికే లేస్తున్నారు.

నోటుపుస్తకం నేను కొనిస్తే పక్కన పడేశారు. గీతలు సరిగా లేవట. తర్వాత తానే మనవణ్ణి వెంటపెట్టుకుని వెళ్లి ఎర్ర అట్ట పొడుగు పుస్తకం తెచ్చుకున్నారు, కొట్టులో వాడేవారే, అలాంటిది. ఎడమవైపు జమ, కుడివైపు ఖర్చు. లోపలికి వెళ్లిన నీళ్లు జమ, మిషను తీసింది ఖర్చు. నాలుగో పేజీ మీద నాకు పిలుపు వచ్చింది. ఊరమిరపకాయలు వేసిన రెండు రోజులూ బరువు ఎక్కువ పెరిగిందని చూపించి, "ఇది వంటింటి తప్పు, నాది కాదు" అన్నారు. ఇప్పుడు తాళింపులో ఉప్పు ఎంత వేశానో కూడా చెప్పాలి. పాత మొండితనం తిరిగి వస్తోంది, నెత్తి కొట్టుకోవాలో సంతోషించాలో తెలియడం లేదు. చెంబు మాత్రం ఇంకా దొడ్లోనే ఉంది, అప్పుడప్పుడూ తడిగా కూడా ఉంటుంది.

టెక్నీషియన్ గారూ, ఒక సందేహం. దురదలకని ఇదివరకు వేరేచోట రాసిన గాబాపెంటిన్ మాత్ర రోజుకు రెండు వేస్తున్నాం. పగలంతా తూలుతూ, మాట ముద్దగా వస్తోంది. ఇది కొత్త మందు వల్లనా?

మిషను పక్కన మనిషి, రాజమహేంద్రవరం

కొత్త మందు మీద నెపం వేసి దాన్ని మీ అంతట మీరు ఆపకండి. గాబాపెంటిన్ కిడ్నీల ద్వారానే బయటికి పోవాలి. కిడ్నీలు పనిచేయనివాళ్లలో అది ఒంట్లో పేరుకుని ఇలాగే మత్తు, తూలడం వస్తాయి. డయాలిసిస్ రోగులకు మోతాదు బాగా తగ్గించి, చాలామందికి డయాలిసిస్ అయ్యాక మాత్రమే ఇస్తారు. మాత్రల పట్టీలు అన్నీ ఒక సంచిలో వేసుకుని ఇవాళే యూనిట్‌కు తీసుకెళ్లి డాక్టరుగారికి చూపించండి. రేపటి వంతు దాకా ఆగవద్దు. ఈలోగా ఆయన్ని ఒంటరిగా స్నానాలగదికి పంపకండి, పడితే ఫిస్టులా చేయి మీదే పడతారు.